ఫుస్తాత్ యూదుల స్వపరిపాలన: ఒక చారిత్రక పరిశీలన

ఇస్లామీయ రాజ్యాల్లో ముస్లిమేతర ప్రజల స్థితిగతులు ఎలా ఉండేవన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తుంటాయి. ఒక వర్గం వారు ఆ కాలమంతా ఏ మచ్చా లేని స్వర్ణయుగమని వర్ణిస్తారు. మరో వర్గం వారు అదంతా అణచివేతే తప్ప వేరేమీ కాదని కొట్టిపారేస్తారు. ఈ రెండు వాదాలూ ఎక్కువగా పాలకుల ఫర్మానాల మీదా, ధర్మశాస్త్ర గ్రంథాల మీదా ఆధారపడినవే. ఆ పాలన కింద బతికిన సామాన్యుడు తన తగాదా ఎవరికి చెప్పుకున్నాడు, అతని పెళ్ళి ఒప్పందం ఎవరు రాశారు, అతను చనిపోతే అతని పిల్లల్ని ఎవరు సాకారు అన్న సంగతులు అటువంటి గ్రంథాల్లో అరుదుగా కనిపిస్తాయి. ఒక నగరం విషయంలో మాత్రం ఈ వివరాలు వేల పత్రాల రూపంలో దక్కాయి. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (ర) ఈజిప్టు విజయం తర్వాత నెలకొల్పిన ఫుస్తాత్ నగరమే అది. నేటి కైరో మహానగరంలో అదొక పాత భాగం.

గెనీజా పత్రాలు

దైవనామం రాసి ఉన్న కాగితాన్ని పారవేయరాదన్నది యూదుల ఆచారం. చిరిగిపోయిన గ్రంథాలను, పనికిరాని పత్రాలను వారు ప్రార్థనాలయంలో ఒక గదిలో వేసి ఉంచుతారు. ఆ గదినే గెనీజా అంటారు. ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయంలో శతాబ్దాల తరబడి ఇలా పోగుపడిన కాగితాల్లో మతగ్రంథాలతో పాటు ఉత్తరాలు, వ్యాపార లెక్కలు, కోర్టు తీర్పులు, విడాకుల పత్రాలు, దానధర్మాల పట్టీలు కూడా చేరాయి. 1896-97లో సాలొమన్ షెక్టర్ అనే పండితుడు వీటిలో అధికభాగాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి తరలించాడు. అక్కడి భాండాగారంలోనే 1,90,000కు పైగా శకలాలున్నాయి. నిత్యవ్యవహారాలకు చెందిన పత్రాల్లో చాలాభాగం హెబ్రూ లిపిలో రాసిన అరబ్బీ భాషలో ఉండటం గమనార్హం. ఆనాటి యూదులు వ్యాపారం చేసిందీ, దెబ్బలాడుకున్నదీ, వేదాంతం రాసిందీ అరబ్బీలోనే. ఎస్. డి. గాయిటైన్ తన జీవితంలో మూడు దశాబ్దాలకు పైగా ఈ కాగితాలకు అంకితం చేసి, ఆ సమాజపు చిత్రాన్ని సంపుటాలుగా వెలువరించాడు. మొదటి సంపుటం 1967లో వచ్చింది. ఆయన 1985లో కన్నుమూశాడు.

ధర్మశాస్త్ర పునాది

యూదుల స్వపరిపాలన ఏ ఒక్క పాలకుడి ఔదార్యం వల్లనో పుట్టింది కాదు. దాని మూలాలు మదీనా కాలంలోనే ఉన్నాయి. హిజ్రత్ తర్వాత మహాప్రవక్త (స) మదీనాలోని వివిధ వర్గాలతో కుదిర్చిన ఒడంబడికలో యూదుల ధర్మం యూదులదనీ, ముస్లిముల ధర్మం ముస్లిములదనీ స్పష్టం చేశారు. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ఈ ఒడంబడికను ప్రపంచంలోనే మొట్టమొదటి లిఖిత రాజ్యాంగంగా నిరూపించేందుకు పూనుకున్న సంగతి పాఠకులకు తెలిసిందే. దివ్యఖుర్ఆన్‌లోని మాయిదా సూరా 42, 43 ఆయతులు ఈ విషయంలో మరింత సూటిగా ఉన్నాయి. యూదులు తీర్పు కోరి వస్తే తీర్పు చెప్పనూవచ్చు, నిరాకరించనూవచ్చు. తీర్పు చెబితే మాత్రం న్యాయంగా చెప్పాలి. తమ వద్ద తౌరాత్ ఉండగా వారు ఇక్కడికెందుకు వస్తున్నారని కూడా ఆ ఆయతులు ప్రశ్నిస్తాయి.

ఫఖీహులు దీన్నుంచే ఒక వ్యవస్థను రూపొందించారు. జిజ్యా చెల్లించే జిమ్మీ ప్రజల ప్రాణానికి, ఆస్తికి, ఆరాధనకు రాజ్యం పూచీ వహిస్తుంది. వివాహం, విడాకులు, వారసత్వం వంటి వ్యవహారాలను వారు తమ ధర్మం ప్రకారమే నడుపుకుంటారు. అయితే వారి న్యాయాధికారికి ఉన్న అధికారం ఎటువంటిది? 1058లో మరణించిన అల్-మావర్దీ తన ‘అల్-అహ్‌కామ్ అస్-సుల్తానియ్యా’లో దీన్ని నిశితంగా చర్చించాడు. జిమ్మీల న్యాయాధికారి నియామకం నిజానికి నాయకత్వమే గాని ఖాజీ పదవి కాదని ఆయన అభిప్రాయం. వారి ప్రజలు ఒప్పుకున్నంతవరకే ఆ తీర్పు చెల్లుతుంది. ఒప్పుకోనివారిని బలవంతపెట్టడానికి వీలులేదు. శాస్త్రగ్రంథంలోని ఈ ఒక్క వాక్యం ఫుస్తాత్ వీధుల్లో ఎలా పనిచేసిందో గెనీజా పత్రాలు చూపిస్తాయి.

బాగ్దాదు నుంచి కైరో దాకా

అబ్బాసీల కాలంలో యూద సమాజానికి బాగ్దాదే కేంద్రం. దావూద్ ప్రవక్త (అ) సంతతిగా పేరుపొందిన వంశం నుంచి వచ్చిన నాయకుణ్ణి ‘రఅసుల్ జాలూత్’ అనేవారు. అంటే ప్రవాసుల పెద్ద అని అర్థం. సూరా, పుంబెదితా విద్యాపీఠాల అధిపతులైన ‘గావోన్’లు ధర్మశాస్త్ర విషయాల్లో దూరదేశాల యూదులకు కూడా ఫత్వాల వంటి సమాధానాలు పంపేవారు. 12వ శతాబ్దంలో స్పెయిన్ నుంచి వచ్చిన యాత్రికుడు బెంజమిన్, ఈ నాయకుడు ఖలీఫా దర్శనానికి వెళ్ళేటప్పుడు దారిలో ముస్లిములు, యూదులు కూడా లేచి గౌరవించేవారని రాశాడు.

అధికారమున్న చోట తగాదాలూ ఉంటాయి. ఈజిప్టులోని ఫయ్యూమ్‌లో 882లో పుట్టిన సఆదియా, 928లో సూరా విద్యాపీఠానికి గావోన్ అయ్యాడు. తౌరాత్‌ను అరబ్బీలోకి అనువదించిన పండితుడీయనే. తనను నియమించిన రఅసుల్ జాలూత్ దావీద్ బిన్ జక్కాయ్‌తోనే ఒక తీర్పు విషయంలో ఆయనకు పడలేదు. ఒకరినొకరు వెలివేసుకున్నారు. ఇరుపక్షాలూ ఖలీఫా దర్బారును ఆశ్రయించాయి. సఆదియా కొన్నేళ్ళు పదవికి దూరమై, 937లో రాజీ కుదిరాకే తిరిగి వచ్చాడు. స్వపరిపాలన అంటే రాజ్యంతో సంబంధమే లేని ప్రత్యేక ద్వీపం కాదని ఈ ఉదంతం వల్ల తెలుస్తున్నది. లోపలి తగాదా ముదిరినప్పుడల్లా ప్రభుత్వం తలుపు తట్టడం రివాజుగా ఉండేది.

969లో ఫాతిమీలు ఈజిప్టును జయించి కైరోను నిర్మించారు. మొదట్లో అక్కడి యూదులు బైతుల్ మఖ్దిస్ విద్యాపీఠపు గావోన్‌ను తమ పెద్దగా గుర్తించేవారు. 11వ శతాబ్దం చివరి భాగంలో ‘రయీసుల్ యహూద్’ అనే కొత్త పదవి కైరోలోనే వెలిసింది. ఇది ఎలా పుట్టింది? బాగ్దాదు అబ్బాసీలకు పోటీగా తమ సొంత యూదనాయకుణ్ణి నిలబెట్టేందుకు ఫాతిమీలే ఈ పదవిని సృష్టించారని చాలాకాలం అనుకునేవారు. 1980లో ప్రచురించిన తన పరిశోధనలో మార్క్ కోహెన్ దీన్ని తిరస్కరించాడు. ఆ పదవి పైనుంచి దిగింది కాదనీ, యూద సమాజపు అవసరాల నుంచి క్రమంగా ఎదిగిందనీ ఆయన గెనీజా పత్రాల సాయంతో వాదించాడు. 1070ల నాటికి సెల్జూకులు బైతుల్ మఖ్దిస్‌ను ఆక్రమించారు. విద్యాపీఠం సూర్ పట్టణానికి తరలిపోయి బలహీనపడింది. అదే కాలంలో వజీరు బద్రుల్ జమాలీ పాలనను కైరోలో కేంద్రీకరించాడు. ఈ శూన్యాన్ని భర్తీ చేసింది దర్బారులో వైద్యులుగా పలుకుబడి గల ఒక కుటుంబం. మొదట యహూదా బిన్ సఆదియా, తర్వాత అతని తమ్ముడు మెవోరాఖ్ సమాజ నాయకులయ్యారు.

మెవోరాఖ్ జీవితం ఈ పదవి స్వభావాన్ని చక్కగా తెలుపుతుంది. 1082లో దావీద్ బిన్ దానియేల్ అనే పోటీదారు, దావూద్ (అ) వంశీయుణ్ణని చెప్పుకుంటూ, ఆయనను పదవి నుంచి తప్పించాడు. అతను సముద్రతీర పట్టణాల యూదుల మీద పన్నులు మోపాడు. సూర్‌లోని గావోన్ అధికారాన్ని లాక్కోబోయాడు. 1094లో బద్రుల్ జమాలీ మరణించి, అతని కుమారుడు అల్-అఫ్జల్ వజీరు కాగానే, వైద్యుడైన మెవోరాఖ్ తిరిగి నాయకుడయ్యాడు. 1111లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. వంశగౌరవంతో వచ్చినవాడు నిలవలేదు. ప్రజల విశ్వాసం, దర్బారు పలుకుబడి రెండూ ఉన్నవాడు నిలిచాడు.

సంఘం నడిచిన తీరు

ఫుస్తాత్‌లో రబ్బానీ యూదులకు ఇరాఖీల ప్రార్థనాలయం, షామీల ప్రార్థనాలయం అని రెండుండేవి. తల్మూద్‌ను అంగీకరించని ఖరాయీ వర్గం వారు వేరుగా ఉండేవారు. రబ్బానీల, ఖరాయీల మధ్య తగాదాలు వచ్చినప్పుడు ఫాతిమీ ఖలీఫా అల్-జాహిర్ (1021–1036), ఒకరి వ్యవహారాల్లో మరొకరు తలదూర్చరాదని ఫర్మానా ఇచ్చాడు. విశేషమేమిటంటే ఈ రెండు వర్గాల మధ్య పెళ్ళిళ్ళు కూడా జరిగేవి. ఎవరి ఆచారాన్ని ఎవరూ చెరపకూడదని పెళ్ళి ఒప్పందంలోనే షరతు రాసుకునేవారు.

సంఘపు న్యాయస్థానం సాధారణంగా సోమ, గురువారాల్లో కూర్చునేది. భార్యాభర్తల వివాదాలు, భాగస్వాముల లెక్కలు, అనాథల ఆస్తులు అన్నీ అక్కడికే వచ్చేవి. 1097 తర్వాతి రెండేళ్ళలో యూసుఫ్ లెబ్దీ అనే వర్తకుడు భారతదేశపు వ్యాపారం విషయంలో ఎదుర్కొన్న దావాలు ఈ న్యాయస్థానం విచారించినవే. మంగుళూరు రేవులో మిరియాలు కొన్నవారి ఉత్తరాలు సైతం ఈ కాగితాల మధ్యే దొరికాయి.

ఈ న్యాయస్థానానికి సిపాయిలు లేరు, చెరసాల లేదు. దాని చేతిలో ఉన్న పెద్ద ఆయుధం వెలి. వెలికి గురైనవాడితో ఎవరూ వ్యాపారం చేయరు, పలకరించరు. మరీ మొండికేసిన వాడి విషయంలోనే ప్రభుత్వ సాయం కోరేవారు. తీర్పు చెల్లుబాటు కావాలంటే జనం దాన్ని న్యాయమని నమ్మక తప్పదు. అల్-మావర్దీ రాసిన మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది.

ఆ నమ్మకం నిలవడానికి కారణమైన ఆచారం మరొకటి ఉంది. అన్యాయానికి గురైన వ్యక్తి, చివరికి ఒక విధవరాలైనా, అనాథ అయినా, శనివారపు సామూహిక ప్రార్థనను ఆపించి, తన గోడు సభకు వినిపించవచ్చు. దీన్ని ‘ఇస్తిగాసా’ అనేవారు. పెద్దలు న్యాయం చేస్తామని మాటిచ్చేదాకా ప్రార్థన సాగేది కాదు. ఇటువంటి విన్నపాలు గెనీజాలో అనేకం ఉన్నాయి.

దానధర్మాల పట్టీలు ఇంకా విలువైనవి. ప్రతి మంగళ, శుక్రవారాల్లో బీదలకు రొట్టెలు పంచేవారు. ఎవరికి ఎన్ని రొట్టెలో పేరు పేరునా రాసి ఉంచారు: గుడ్డివాడు, విధవరాలు, పరదేశి, కాపలావాడు. ఇందుకు కావలసిన సొమ్ములో కొంత చందాల ద్వారా, కొంత సంఘానికి ధారపోసిన ఇళ్ళ అద్దెల ద్వారా వచ్చేది. ఈ ధర్మాస్తులు ముస్లిముల వక్ఫ్‌లను ఎంతగానో పోలి ఉంటాయి. సముద్రపు దొంగలకు చిక్కిన బందీలను విడిపించడం మరొక బాధ్యత. ఒక్కొక్కరి వెల మామూలుగా ముప్పై మూడుంపాతిక దీనార్లకు కాస్త పైన, అంటే ముగ్గురికి 100 దీనార్లు. 1099లో క్రూసేడు సైన్యాలు బైతుల్ మఖ్దిస్‌లో ముస్లిములను, యూదులను ఊచకోత కోసినప్పుడు, బతికి బయటపడిన బందీలను, దోచుకుపోయిన గ్రంథాలను డబ్బిచ్చి విడిపించింది అస్ఖలాన్, ఫుస్తాత్ యూదులే.

ఖాజీ వాకిలి

యూదుడు తన న్యాయస్థానానికే వెళ్ళాలన్న నిర్బంధం రాజ్యం వైపు నుంచి లేదు. ఖాజీ వాకిలి అందరికీ తెరిచే ఉండేది. ఇళ్ళ అమ్మకాల పత్రాలను యూదులు తరచుగా ఖాజీ వద్దే రిజిస్టరు చేయించుకునేవారు. ఆ పత్రానికి ఎక్కడైనా చెల్లుబాటు ఉంటుంది. వారసత్వం విషయం మరింత చిక్కైనది. యూద ధర్మశాస్త్రం ప్రకారం కొడుకులుండగా కూతురికి వారసత్వపు వాటా లేదు. షరీఅత్ ప్రకారం కొడుకు వాటాలో సగం కూతురికి దక్కుతుంది. అందువల్ల కొందరు యూద స్త్రీలు ఖాజీని ఆశ్రయించారు.

ఈ పోటీ యూద ధర్మశాస్త్రాన్నే కదిలించింది. ఇరాఖ్ ముస్లిముల పాలనలోకి వచ్చిన కొద్దికాలానికే, 651 ప్రాంతంలో, అక్కడి విద్యాపీఠాల పెద్దలు ఒక కొత్త కట్టుబాటు చేశారు. భర్తతో కాపురం చేయలేనన్న స్త్రీకి అంతకుముందు పన్నెండు నెలలు ఆగవలసి వచ్చేది. ఇకపై ఆలస్యం లేకుండా విడాకులు ఇప్పించాలని వారు నిర్ణయించారు. లేకపోతే ఆ స్త్రీలు పరమతస్థుల సాయం కోరి, సంఘానికే దూరమవుతారన్న భయం దీనికి కారణమని తర్వాతి గావోన్‌లే రాసుకున్నారు. బయట మరో తలుపు తెరిచి ఉండటం వల్ల లోపలి పెద్దలు తమ ఆడబిడ్డల మొర వినక తప్పలేదన్నమాట.

అందరు నాయకులూ ఒకే మార్గాన్ని అనుసరించలేదు. అరబ్బులు మూసా బిన్ మైమూన్ అని పిలిచే మైమోనిడిస్ (1138–1204), 1171 ప్రాంతంలోనూ, ఆపైన 1190లలోనూ ఈజిప్టు యూదుల పెద్దగా వ్యవహరించాడు. సొంత న్యాయస్థానం ఉండగా బయటి న్యాయస్థానానికి పోవడం ఆయన దృష్టిలో ఘోరమైన తప్పిదం. అయినప్పటికీ ఖాజీ వద్ద రాసిన అమ్మకపు పత్రాలు, అప్పుపత్రాల విషయంలో ఆయన వాస్తవాన్ని విస్మరించలేదు. సక్రమమైనవిగా పేరున్న న్యాయస్థానాల్లో రాసిన వాటిని షరతులతో అంగీకరించాడు.

ఆయన కుమారుడు అబ్రాహాము (1186–1237) కాలంలో జరిగిన ఉదంతం మరింత ఆసక్తికరం. తండ్రి తర్వాత నాయకుడైన అబ్రాహాముకు సూఫీల పట్ల ఎంతో గౌరవం ఉండేది. ప్రార్థనలో వరుసలు తీరి కూర్చోవడం, సాష్టాంగపడటం, కాళ్ళు కడుక్కోవడం వంటివి ఆయన ప్రవేశపెట్టాడు. ఇవి పూర్వం ఇస్రాయీల్ ప్రవక్తల ఆచారాలేననీ, యూదులు మరిచినవాటిని ముస్లిములు నిలుపుకున్నారనీ ఆయన వాదన. వ్యతిరేకులు ఊరుకోలేదు. మతంలో కొత్త పోకడలు తెస్తున్నాడని సుల్తాన్ అల్-మలికుల్ ఆదిల్‌కు అర్జీ పెట్టారు. అబ్రాహాము దాదాపు 200 మంది సంతకాలతో జవాబిస్తూ, ఇవి తన సొంత ప్రార్థనాలయంలో ఆచరించినవే తప్ప ఎవరి మీదా రుద్దినవి కావని విన్నవించుకున్నాడు.

నీడలు

ఈ చిత్రంలో చీకటి భాగాలను దాచడం చరిత్రకు న్యాయం కాదు. జిజ్యా గురించి హనఫీ గ్రంథాలు 48, 24, 12 దిర్హముల మూడు తరగతులను పేర్కొంటూ, సంపాదించలేని నిరుపేదను, స్త్రీలను, పిల్లలను మినహాయించాయి. గెనీజా పత్రాల్లోని వాస్తవం వేరు. పన్ను కట్టలేక ఇల్లు విడిచి పారిపోయిన బీదలు, వసూలుదారుల చేతుల్లో చెరసాల పాలైనవారు వాటిలో ఎందరో కనిపిస్తారు. రసీదు చేతిలో లేకుండా ఊరు దాటడం ప్రమాదకరం. బీదల జిజ్యా చెల్లించడం చివరికి సంఘం చేసే దానాల్లో ముఖ్యమైనది అయింది. షరీఅత్ ఇచ్చిన మినహాయింపును వసూలుదారు చెరిపేస్తే, ఆ లోటును దాతలు పూడ్చవలసి వచ్చింది.

ఫాతిమీ ఖలీఫా అల్-హాకిమ్ (996–1021) కాలంలో అనేక చర్చిలు, యూద ప్రార్థనాలయాలు కూల్చివేతకు గురయ్యాయి. వేషధారణపై కఠినమైన ఆంక్షలు వచ్చాయి. 1011-12 శీతాకాలంలో ఫుస్తాత్‌లో ఒక యూద శవయాత్ర మీద గుంపు దాడిచేసింది. 23 మంది ఖైదయ్యారు. విచిత్రమేమంటే వారిని విడిపించింది కూడా అల్-హాకిమే. యూదులు ఆ విముక్తిని కీర్తిస్తూ ఒక గ్రంథమే రాసుకున్నారు. తన చివరి రోజుల్లో అతడే ఆలయాల పునర్నిర్మాణానికి అనుమతినిచ్చాడు. పాలకుడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన భద్రత ఎంత బలహీనమైనదో దీన్నిబట్టి ఊహించవచ్చు. పశ్చిమాన అల్-మువహ్హిదూన్ పాలకులు 12వ శతాబ్దంలో యూదులను మతం మారమని బలవంతపెట్టారు. మైమోనిడిస్ కుటుంబం కుర్తుబా విడిచి వెళ్ళింది అందువల్లనే. ధర్మంలో బలవంతం లేదన్న దైవాజ్ఞకు ఇది పూర్తిగా విరుద్ధం. ఆ కుటుంబం ఆశ్రయం పొంది గౌరవం అందుకున్నది మరో ముస్లిం దేశంలోనే అన్నదీ అంతే నిజం.

ముగింపు

రయీసుల్ యహూద్ పదవి మమ్లూకుల కాలంలోనూ కొనసాగింది. ఈ నియామకానికి జారీచేసే ఫర్మానా నమూనాలను 1418లో మరణించిన అల్-ఖల్‌ఖషందీ తన గ్రంథంలో పొందుపరిచాడు. 1517లో ఉస్మానీలు ఈజిప్టును జయించాక ఆ పదవి క్రమంగా కనుమరుగైంది.

ఈ చరిత్ర నుంచి గ్రహించవలసినవి రెండున్నాయి. మొదటిది పాలించేవారికి సంబంధించినది. అల్పసంఖ్యాకులకు ఇచ్చిన మాట గ్రంథంలో ఉంటే చాలదు. వసూలుదారు దగ్గరా, వీధిలోని గుంపు దగ్గరా అది నిలవాలి. ఫుస్తాత్ యూదులు బాధపడిన సందర్భాల్లో చాలావరకు షరీఅత్ మాట అమలుకాని సందర్భాలే. రెండవది అల్పసంఖ్యాకులుగా బతికే ప్రతి సమాజానికీ వర్తించేది. వక్ఫ్ ఆస్తులు, జమాఅత్ పెద్దలు, మహల్లా పంచాయితీలు తెలుగునాట ముస్లిములకూ సుపరిచితమైనవే. ఫుస్తాత్ సంఘానికి సైన్యం లేదు. వెలి తప్ప గట్టి శిక్ష లేదు. అయినా అది శతాబ్దాలు నిలిచింది. అక్కడ రొట్టెల లెక్క పేరు పేరునా రాసేవారు. ఆడబిడ్డ మొర వినకపోతే ఆమె మరో వాకిలికి వెళ్తుందని పెద్దలకు తెలుసు. దిక్కులేని అనాథ లేచి నిలబడితే మొత్తం సభ ప్రార్థన ఆపి వినేది. స్వపరిపాలన హక్కు పైనుంచి లభించవచ్చు. దాన్ని కాపాడేది మాత్రం లోపల బలహీనుడికి దొరికే న్యాయమే.